అనంతపురంలో ఉంటూ వర్చువల్ అసిస్టెంట్ (వీఏ) పని మొదలుపెట్టాలంటే: తొలి క్లయింట్‌ను ఎక్కడ వెతకాలి?

మా వీధిలోనే ముగ్గురు ఈ ఏడాది నన్ను ఒకే ప్రశ్న అడిగారు. ఒకామె ప్రైవేటు స్కూల్లో టీచర్. ఒకబ్బాయి ఇంజనీరింగ్ అయిపోయి బ్యాంకు పరీక్షలకు ప్రిపేరవుతున్నాడు. మూడో అమ్మాయికి ఏడాదిన్నర బాబు. “అక్కా, వర్చువల్ అసిస్టెంట్ పని మొదలుపెడదామనుకుంటున్నా. ఫైవర్‌లో అకౌంట్ తెరవాలా, ఇక్కడే ఎవరినైనా అడగాలా, అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకుతో మాట్లాడాలా?” ముగ్గురికీ మూడు వేర్వేరు జవాబులు చెప్పాను. తొందర ముగ్గురికీ ఉంది. కానీ రోజులో ఒక్కొక్కరికి దొరికే ఖాళీ వేరు.

నేను అనంతపురంలో ఉంటూ నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. పగలు ఒక చోట అకౌంట్స్ చూస్తాను, సాయంత్రం వీఏ పని. కింద చెప్పే దారుల్లో మూడింట్లో స్వయంగా నడిచాను. ఒకదాంట్లో రెండు నెలల కష్టం పోయింది. అందుకే ఏది మంచిదని కాకుండా, ఎవరికి ఏది సరిపోతుందో రాస్తున్నాను.

వీఏ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. ఒకరి వ్యాపారంలో రోజూ వాయిదా పడుతూ ఉండే పనులను మనం ఇంట్లో కూర్చుని చేసిపెట్టడం. మెయిల్స్‌కు జవాబులు, అపాయింట్‌మెంట్లు, గూగుల్ షీట్‌లో లెక్కలు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు, బకాయిలు గుర్తుచేయడం, కస్టమర్లకు ఫాలోఅప్. ఒక ల్యాప్‌టాప్, నిలకడగా ఉండే నెట్ ఉంటే చాలు. కొత్తగా పెట్టే పెట్టుబడి దాదాపు ఉండదు కాబట్టే త్వరగా మొదలుపెట్టొచ్చు.

## ముందు మీ గంటలు రాసుకోండి

చాలామంది మొదట రేటు చూస్తారు. “గంటకు ఎన్ని డాలర్లు వస్తాయి?” అని అడుగుతారు. నా అనుభవంలో ఈ పనిని మధ్యలో వదిలేసినవాళ్లలో ఎక్కువమంది రేటు చాలక వదల్లేదు, గంటలు కుదరక వదిలేశారు. రాత్రి పదిన్నరకు మీటింగ్ ఉంటే, పొద్దున ఐదున్నరకు లేచి క్యారియర్లు కట్టాల్సిన ఇల్లాలు ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

అందుకే ఒక కాగితం తీసుకుని ఒక వారం మొత్తం మీకు నిజంగా ఖాళీ ఉండే గంటలు రాయండి. ఇంట్లో ఎవరూ పిలవని గంటలే లెక్క. తర్వాత ఈ పట్టిక చూడండి. క్లయింట్ ఊళ్లో ఉదయం 9 గంటలు అయినప్పుడు మనకు ఎంతవుతుందో ఇందులో ఉంది.

| క్లయింట్ ఉండే చోటు | మన ఎండాకాలంలో | మన చలికాలంలో |
|---|---|---|
| అనంతపురం, బెంగళూరు | ఉదయం 9 | ఉదయం 9 |
| దుబాయ్ | ఉదయం 10:30 | ఉదయం 10:30 |
| సింగపూర్ | ఉదయం 6:30 | ఉదయం 6:30 |
| లండన్ | మధ్యాహ్నం 1:30 | మధ్యాహ్నం 2:30 |
| న్యూయార్క్ | సాయంత్రం 6:30 | రాత్రి 7:30 |
| కాలిఫోర్నియా | రాత్రి 9:30 | రాత్రి 10:30 |
| సిడ్నీ | తెల్లవారుజాము 4:30 | తెల్లవారుజాము 3:30 |

స్కూలు నుంచి ఐదింటికి ఇంటికొచ్చే టీచరమ్మకు లండన్ క్లయింట్ హాయిగా సరిపోతాడు. మన సాయంత్రం వాళ్లకు మధ్యాహ్నం. న్యూయార్క్ కూడా కుదురుతుంది, తొమ్మిదింటికల్లా ముగించుకోగలిగితే. కాలిఫోర్నియా పనిని మాత్రం పగలు వేరే ఉద్యోగం ఉన్నవాళ్లు ఒప్పుకోవద్దని గట్టిగా చెప్తాను.

గంటల తర్వాత చూడాల్సినవి మరో మూడున్నాయి. తొలి డబ్బు చేతికి ఎన్నాళ్లకు వస్తుంది? పని ఫోన్ మీద మాట్లాడేదా, రాతలో సాగేదా? క్లయింట్ డబ్బు ఎగ్గొడితే మనకు దిక్కేమిటి? రేటు ఆ తర్వాత. మొదటి మూడు నెలలు తక్కువకైనా చేసి చూపించిన పనే తర్వాత రేటు పెంచుతుంది.

## మొదటి దారి: మన ఊరి వ్యాపారాలు

ఇది అన్నిటికన్నా త్వరగా డబ్బు తెచ్చే దారి. అయినా ఎవరూ దీన్ని వీఏ పనిగా అనుకోరు. ఇక్కడి వ్యాపారులకు ఆ పేరే తెలియదు మరి. సాయినగర్‌లో ఒక క్లినిక్‌కి వెళ్లి “నేను వర్చువల్ అసిస్టెంట్‌ని” అంటే రిసెప్షన్‌లో అమ్మాయి మన మొహం చూస్తుంది. “రేపటి అపాయింట్‌మెంట్లు ఉన్నవాళ్లకు ఈరోజు సాయంత్రమే నేను మెసేజ్ పెట్టి గుర్తుచేస్తాను, రానివాళ్ల జాబితా మీకు పంపిస్తాను” అంటే డాక్టరు గారు కూర్చోమంటారు.

నా తొలి క్లయింట్ ధర్మవరంలో పట్టుచీరలు అమ్మే ఒకావిడ. ఆమెకు దుకాణం లేదు. మగ్గాలవాళ్ల దగ్గర చీరలు తీసుకుని వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్ముతుంది. రోజుకు నలభై యాభై ఫొటోలు. ప్రతి ఫొటో కింద “ధర ఎంత?”, “ఇంకో రంగులో ఉందా?”, “సిల్క్ మార్క్ ఉందా?”, “వీడియో కాల్‌లో చూపిస్తారా?” ఆమె పొద్దంతా మగ్గాల చుట్టూ తిరిగి సాయంత్రం ఫోన్ తీసేసరికి వంద మెసేజ్‌లు. అప్పటికి అడిగినావిడ వేరే చోట కొనేసి ఉంటుంది. నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు. ప్రతి చీరకూ ఒక నంబరు ఇచ్చాను. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టాను. పదేపదే వచ్చే ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెట్టుకున్నాను. ఆర్డర్లు ఒక షీట్‌లోకి ఎక్కించాను: పేరు, పిన్‌కోడ్, అడ్వాన్స్ వచ్చిందా, కొరియర్ నంబరు, చేరిందా. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీస్తేనే రిటర్న్ తీసుకుంటామని ముందే చెప్పే మెసేజ్ పెట్టాక గొడవలు చాలావరకు తగ్గాయి.

“నాకు ఈ కంప్యూటర్ గొడవ తెల్దు మ్మా, నువ్వే చూసుకో” అంది ఆమె మొదటి రోజు. నాలుగో రోజు అడ్వాన్స్‌గా రెండు వేలు ఫోన్‌పే చేసింది. అంత త్వరగా ఇంకే దారిలోనూ నాకు డబ్బు రాలేదు.

ఇలాంటివాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. చీనీ (బత్తాయి) తోటల రైతుల నుంచి కొని బయటికి పంపే వ్యాపారులు, కోచింగ్ సెంటర్లు, ఫంక్షన్ హాళ్లు, రియల్ ఎస్టేట్ ఆఫీసులు, ట్యూషన్ మాస్టార్లు. కర్నూలులో ఉంటే బియ్యం, ఉల్లి వ్యాపారులు. కడప జిల్లాలో ఉంటే ప్రొద్దుటూరు బంగారం కొట్లు, బట్టల కొట్లు. వీళ్లందరికీ ఫోన్ నిండా జవాబివ్వని మెసేజ్‌లు ఉంటాయి.

ఇబ్బందులు లేవని చెప్పను. మొదటిది, డబ్బు తక్కువ. ఆ చీరలావిడ దగ్గర మొదటి నెల నేను తీసుకున్నది 4,000. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 26 రోజులు చేశాను. 52 గంటలకు లెక్కేస్తే గంటకు 77 రూపాయలు కూడా పడలేదు. మూడు నెలల తర్వాత 7,000 చేశాను, అదీ అమ్మకాల షీట్ చూపించి అడిగితే. రెండోది, వేళాపాళా లేకపోవడం. తెలిసినవాళ్లు కాబట్టి రాత్రి పదింటికి ఫోన్ చేస్తారు. “ఇదొక్కటి చూడమ్మా” అని మొదలై ఆమె కూతురు కాలేజీ అప్లికేషన్ దాకా వస్తుంది. ఏమేం చేస్తారో, ఎన్నింటి దాకా చేస్తారో మొదటి రోజే వాట్సాప్‌లో రాసి పంపండి. అంత చాలు, అగ్రిమెంట్ కాగితాలు అక్కర్లేదు. మూడోది, పని కాలాన్ని బట్టి వస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మెసేజ్‌లు సన్నగిల్లుతాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు ఊపిరాడదు.

అయినా నేను ఈ దారికే ముందు ఓటేస్తాను. ఇక్కడ రెండు నెలలు చేస్తే చేతిలో చూపించడానికి నిజమైన పని ఉంటుంది. మిగతా దారులన్నీ “ఇంతకుముందు ఏం చేశారు?” అనే ప్రశ్నతోనే మొదలవుతాయి.

## రెండో దారి: బెంగళూరు, హైదరాబాద్ చిన్న సంస్థలు

అనంతపురం వాళ్లకు దేవుడిచ్చిన సౌకర్యం బెంగళూరు. 44వ నంబరు హైవే మీద దాదాపు 200 కిలోమీటర్లు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి క్లయింట్ ఎదురుగా కూర్చోవచ్చు. పైగా మన జిల్లాలో చాలామందికి కన్నడం వచ్చు. ఇంగ్లిష్ తడబడినా తెలుగు, కన్నడం, కాస్త హిందీ ధారాళంగా మాట్లాడే మనిషి అక్కడి చిన్న వ్యాపారానికి చాలా విలువైనవాడు. కస్టమర్ ఏ భాషలో ఫోన్ చేసినా జవాబు చెప్పగలడు. ప్రొఫైల్‌లో ఈ విషయం ఎవరూ రాసుకోరు. దయచేసి రాయండి.

చార్టర్డ్ అకౌంటెంట్లు, ఇంటీరియర్ డిజైనర్లు, ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే చిన్న కంపెనీలు, చిన్న ట్రావెల్ ఏజెన్సీలు ఇలాంటివాళ్లను వెతుకుతుంటారు. లింక్డ్‌ఇన్‌లో నేరుగా రాయొచ్చు. మన ఊరి నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడినవాళ్ల ద్వారా అడిగితే ఇంకా త్వరగా తేలుతుంది. పని పగటిపూటే ఉంటుంది, డబ్బు బ్యాంకులోకి వస్తుంది, రేటు ఊళ్లో కన్నా మెరుగు. పగలు ఉద్యోగం ఉన్నవాళ్లకు మాత్రం కుదరదు. పరీక్షలకు చదివే అబ్బాయికి నేను ఈ దారే చెప్పాను, రోజుకు మూడు గంటలకు మించవద్దని కూడా చెప్పాను.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక చిన్న సంస్థకు రెండు నెలలు కస్టమర్ ఫాలోఅప్ చేశాను. “నెలాఖరుకు”, “అకౌంట్స్ వాళ్లు లీవులో ఉన్నారు”, “వచ్చే వారం పక్కా” అంటూ చివరికి ఫోన్ తీయడం మానేశారు. నా దగ్గర ఒక ఒప్పందం లేదు, ఇన్వాయిస్ లేదు. మాట మీద చేశాను. ఆ రెండు నెలలు ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు నాకు తెలియని విషయం ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో రిజిస్టర్ చేసుకుంటే మన చిన్న పని కూడా సూక్ష్మ సంస్థ కింద లెక్కకొస్తుంది. దానికి ఫీజు లేదు, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం అలాంటి సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ కూడా ఉంది. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు కనిపిస్తే చాలా కంపెనీల ఆడిటర్లు వాళ్లంతట వాళ్లే తొందరపడతారు. ఆ సంఘటన తర్వాత నేను సగం అడ్వాన్స్ లేనిదే కొత్త కంపెనీకి పని మొదలుపెట్టలేదు.

కంపెనీలు టీడీఎస్ (ముందుగానే కోసుకునే పన్ను) పట్టుకుని మిగతాది ఇవ్వొచ్చు. కంగారు పడొద్దు. పాన్ సరిగా ఇచ్చి ఏడాది చివర రిటర్న్ వేస్తే, మీకు పన్ను పడని ఆదాయమైతే అది తిరిగి వస్తుంది.

## మూడో దారి: అప్‌వర్క్, ఫైవర్

పని కావాల్సినవాళ్లనూ చేసేవాళ్లనూ ఆన్‌లైన్‌లో కలిపే వెబ్‌సైట్లు ఇవి. అందరూ ముందుగా పరుగెత్తేది ఇటే. త్వరగా మొదలుపెట్టాలి అనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

ఫైవర్‌లో మనం ఒక సేవను ధర రాసి పెడతాం, కొనేవాళ్లు వస్తారు. వచ్చిన ప్రతి 100 డాలర్లలో ఫైవర్ 20 తీసుకుంటుంది. పని అప్పగించాక క్లయింట్ ఏమీ అనకపోతే మూడు రోజులకు ఆర్డర్ పూర్తయినట్టు లెక్క. ఆ తర్వాత కొత్త సెల్లర్‌కు డబ్బు విడుదల కావడానికి 14 రోజులు. అంటే ఈరోజు ఆర్డర్ వచ్చి ఈరోజే పని ముగించినా చేతికొచ్చేసరికి రెండున్నర వారాలు పడుతుంది. ఆ తొలి ఆర్డర్ రావడానికి పట్టే రోజులు దీనికి అదనం.

అప్‌వర్క్‌లో మనమే పనులు వెతికి ప్రపోజల్ పంపాలి. పంపడానికి కనెక్ట్స్ అనే టోకెన్లు కావాలి, ఒక్కోటి 15 సెంట్లు. ఒక్క ప్రపోజల్‌కు పది, పదిహేను కనెక్ట్స్ అడిగే పనులు మామూలే. చూసుకోకుండా పంపితే సంపాదించకముందే డబ్బు పోతుంది. అప్‌వర్క్ ఫీజు 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టుల మీద సున్నా నుంచి 15 శాతం దాకా పనిని బట్టి మారుతోంది. గంటల లెక్కన చేసే పనికి ఆదివారంతో వారం ముగుస్తుంది, డబ్బు ఆ తర్వాత పది రోజులకు అందుతుంది. అక్కడ దొరికిన క్లయింట్‌ను రెండేళ్ల దాకా ఫీజు కట్టకుండా బయటికి తీసుకెళ్లడానికి వీల్లేదు. అలా చేస్తే అకౌంట్ మూసేస్తారు.

మరి ఎందుకు చేరాలి? భద్రత కోసం. గంటల పనిలో వాళ్ల ట్రాకర్ (పని చేసిన సమయం లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్) ఆన్ చేసుకుని చేస్తే, నిబంధనలు పాటించినంతవరకు ఆ గంటలకు డబ్బు గ్యారంటీ. నా బెంగళూరు అనుభవం అక్కడ జరిగేది కాదు. రేటు కూడా వేరు. గంటకు 5 డాలర్ల చిన్న పనే అనుకోండి. పది శాతం ఫీజు పోను నాలుగున్నర డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కన చూసినా గంటకు 380 పైమాట. ఊళ్లో 77 రూపాయలకు చేసిన పనికి ఇది ఐదింతలు.

ఈ దారి రాతలో ఇంగ్లిష్ శుభ్రంగా ఉన్నవాళ్లకు, రెండు మూడు నెలలు డబ్బు రాకపోయినా ఇల్లు గడిచేవాళ్లకు. ఇంగ్లిష్‌లో మాట్లాడటం భయమైనా ఫర్వాలేదు. పోడ్‌కాస్ట్ ఎపిసోడ్‌లకు వివరణలు రాయడం, ఆన్‌లైన్ షాపులో వస్తువుల వివరాలు ఎక్కించడం, మెయిల్ సర్దడం లాంటివి పూర్తిగా రాతలోనే నడుస్తాయి. బాబున్న అమ్మాయికి ఇలాంటివే చెప్పాను. పిల్లాడు పడుకున్నప్పుడు చేసుకోవచ్చు, గడువులోపు ఇస్తే ఏ గంటకు చేశామని ఎవరూ అడగరు.

ఒక్క సలహా. “అన్ని పనులూ చేస్తాను” అని ప్రొఫైల్ పెట్టకండి. “చిన్న చీరల వ్యాపారానికి రోజుకు వంద మెసేజ్‌లకు జవాబులిచ్చి ఆర్డర్ల షీట్ నడిపాను” అన్న ఒక్క వాక్యం, ఆ షీట్ నమూనా (కస్టమర్ల పేర్లు, నంబర్లు తీసేసి) పెట్టండి. నాకు తొలి అప్‌వర్క్ పని ఆ షీట్ చూసే వచ్చింది. ధర్మవరం ఎక్కడుందో తెలియని, ఇంగ్లండ్‌లో సబ్బులు చేసి అమ్మే ఒకావిడకు అదే కష్టం ఉంది మరి.

## నాలుగో దారి: విదేశాల్లో ఉన్న మనవాళ్లు

ఈ దారిలో నమ్మకం ముందే ఉంటుంది, రేటు మధ్యస్థం. అమెరికాలో, దుబాయ్‌లో, లండన్‌లో చిన్న వ్యాపారం నడిపే తెలుగువాళ్లు చాలామంది. రెస్టారెంట్లు, డ్యాన్స్ స్కూళ్లు, ట్యూషన్లు, కన్సల్టెన్సీలు. భాష సమస్య లేదు. ఇబ్బంది చుట్టరికం దగ్గరే. పెదనాన్న కొడుకు దగ్గర పనిచేస్తే ఆలస్యమైన డబ్బు అడగటానికి నోరు రాదు, పండక్కి ఇంటికొచ్చినప్పుడు అదే గుర్తుకొస్తుంది. అందుకే నేరుగా చుట్టానికి చేయడం కన్నా, ఆయన స్నేహితుల్లో ఎవరికైనా పరిచయం చేయమని అడగడం మేలు.

డబ్బు తెప్పించుకునేటప్పుడు ఒక జాగ్రత్త. “ఇంటి ఖర్చులకు పంపినట్టు పంపిస్తాలే” అంటారు. వద్దనండి. అది మీ సేవకు వచ్చిన ఆదాయం, ఆ కారణంతోనే రావాలి. బ్యాంకు పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో చెప్పే కోడ్) అడుగుతుంది, సరైనది చెప్పి, వచ్చిన ప్రతి మొత్తానికి బ్యాంకు ఇచ్చే కాగితం దాచుకోండి. పేపాల్ సులువు కానీ విదేశీ చెల్లింపు మీద నాలుగు శాతానికి పైగా పోతుంది, మారకం రేటులో ఇంకొంత. చిన్న మొత్తాలు విడివిడిగా కాకుండా నెలకోసారి తీసుకోండి.

వేరే వీఏ కిందో, ఏజెన్సీ కిందో చేరే దారి కూడా ఉంది. క్లయింట్‌ను వెతికే శ్రమ ఉండదు, పని నేర్పిస్తారు, చేతికొచ్చేది సగమో ఇంకా తక్కువో. అడగడానికి మొహమాటపడేవాళ్లకు ఆరు నెలల బడిగా పనికొస్తుంది. అంతకు మించి ఉండాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | తొలి డబ్బు | పని వేళలు | భాష | డబ్బు భద్రత |
|---|---|---|---|---|
| ఊరి వ్యాపారాలు | వారంలోపే రావొచ్చు | పగలు, సాయంత్రం. హద్దు మనమే గీయాలి | తెలుగు | ఎదురెదురుగా అడగొచ్చు |
| బెంగళూరు, హైదరాబాద్ | నెల, నెలన్నర | ఆఫీసు వేళలు | తెలుగు, కన్నడం, హిందీ, కాస్త ఇంగ్లిష్ | అడ్వాన్స్, ఇన్వాయిస్, ఉద్యమ్ ఉంటే మంచిది |
| అప్‌వర్క్, ఫైవర్ | రెండు మూడు నెలలు అనుకోండి | క్లయింట్ దేశాన్ని బట్టి; రాత పనికి మనిష్టం | రాతలో మంచి ఇంగ్లిష్ | అన్నిటికన్నా ఎక్కువ |
| విదేశీ తెలుగువాళ్లు | నెలలోపు | సాయంత్రం, రాత్రి | తెలుగు, ఇంగ్లిష్ | నమ్మకం మీద |

ఇందులో రోజుల లెక్కలు నాకూ, నాకు తెలిసినవాళ్లకూ పట్టినవి. మీకు ముందో వెనకో కావచ్చు.

నెలలోపు చేతిలో డబ్బు కావాలంటే ఆలోచించకుండా ఊళ్లోనే మొదలుపెట్టండి. ఉద్యోగం చేస్తూ సాయంత్రం మూడు గంటలే ఉన్నవాళ్లు ఊళ్లో ఒక క్లయింట్‌ను పట్టుకుని, పక్కనే అప్‌వర్క్ ప్రొఫైల్ తయారుచేసుకుంటూ లండన్ వైపు చూడండి. పగలంతా ఖాళీ ఉండి కన్నడం వచ్చినవాళ్లు బెంగళూరు వదులుకోవద్దు. రెండు దారులు ఒకేసారి నడపొచ్చు, మూడు వద్దు. నేను ఒక శ్రావణమాసంలో మూడు నడిపి ముగ్గురికీ ఆలస్యం చేశాను.

ప్రభుత్వ ఉద్యోగులకు ఒక మాట. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. సచివాలయ ఉద్యోగమైనా, టీచర్ ఉద్యోగమైనా ముందు అది తేల్చుకోండి. ప్రైవేటు ఉద్యోగులు తమ అపాయింట్‌మెంట్ లెటర్ మళ్లీ ఒకసారి చదవండి. 2022లో విప్రో పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది.

## మొదలుపెట్టే ముందు సర్దుకోవాల్సినవి

కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది, రౌటర్ ఆగిపోతుంది. ఇన్వర్టర్ లేనివాళ్లు రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొనుక్కోండి. నేను ఈ పని కోసం పెట్టిన మొదటి ఖర్చు అదే. ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ కూడా సిద్ధంగా ఉండాలి.

క్లయింట్ పాస్‌వర్డ్ అడగకండి, ఇచ్చినా తీసుకోకండి. జీమెయిల్‌లో పాస్‌వర్డ్ ఇవ్వకుండానే మరొకరికి మెయిల్స్ చూసే అనుమతి ఇవ్వొచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలకు మెటా బిజినెస్ సూట్‌లో మనల్ని చేర్చుకోవచ్చు. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ ద్వారా క్లయింట్ ఫోన్‌తో పాటు మరో నాలుగు పరికరాల దాకా కలపొచ్చు. క్యూఆర్ స్కాన్ చేస్తే మన ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుంది. ఆ ఫోన్‌ను 14 రోజులు వాడకపోతే మాత్రం ఇక్కడ లాగౌట్ అయిపోతుంది. రేపు పని మానేసినప్పుడు వాళ్లు ఒక్క నొక్కుతో మనల్ని తీసేయగలగాలి. అది వాళ్లకూ మనకూ మంచిది, ఆ తర్వాత ఏం జరిగినా మన మీదికి రాదు.

సేవల మీద ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం పడదు. పక్క పనికి విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకుంటే రిటర్న్ వేసేటప్పుడు తలనొప్పి ఉండదు.

మోసాల గురించి చెప్పకుండా ముగించలేను. మోసగాళ్లు మన జిల్లాల్లో ఇంటి నుంచి పని వెతికే ఆడవాళ్లను, నిరుద్యోగులనే చూసి పట్టుకుంటారు. డేటా ఎంట్రీ పని ఇచ్చి, ఆన్‌లైన్‌లో అగ్రిమెంట్ మీద సంతకం చేయించుకుని, వారం తర్వాత “తప్పులు ఎక్కువున్నాయి, జరిమానా కట్టు, లేకపోతే కోర్టు నోటీసు” అని బెదిరిస్తారు. ఆ నోటీసులు దొంగవి, ఒక్క రూపాయి కట్టకండి. టెలిగ్రామ్‌లో వీడియోలకు లైక్ కొడితే డబ్బు ఇచ్చి, తర్వాత డిపాజిట్ అడిగేవి ఇంకో రకం. అన్నిటికన్నా ప్రమాదం, మీ ఖాతాలో డబ్బు వేసి ఇంకొకరికి పంపమనే పని. ఆ డబ్బు ఎవరిదో మోసపోయినవాళ్లది, పోలీసులు వచ్చేది మీ ఇంటికి. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగాడంటే అది పని కాదు. పొరపాటున కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

## ఈరోజు సాయంత్రం పంపగలిగే మెసేజ్

మీరు ఇప్పటికే ఏదో ఒకటి కొంటున్న, లేదా వెళ్తున్న మూడు వ్యాపారాలు ఎంచుకోండి. ముందు వాళ్లకు కస్టమర్‌గా ఒక మెసేజ్ పెట్టి ఎంతసేపటికి జవాబు వస్తుందో చూడండి. అందరికన్నా ఆలస్యంగా జవాబిచ్చినవాళ్లకు రెండో రోజు ఇది పంపండి. నేను ఆ చీరలావిడకు పంపింది దాదాపు ఇదే:

“నమస్తే అక్కా. నేను అనంతపురంలో ఉంటాను, మీ దగ్గర రెండు చీరలు కొన్నాను. మొన్న ధర అడిగితే మరుసటి రోజు జవాబు వచ్చింది, మీకు తీరిక లేదని అర్థమైంది. రోజూ సాయంత్రం 6 నుంచి 8 దాకా మీ వాట్సాప్ మెసేజ్‌లకు నేను జవాబులు ఇచ్చి, ఆర్డర్లు ఒక షీట్‌లో రాసి పంపిస్తాను. మొదటి మూడు రోజులు డబ్బులేమీ వద్దు. మీకు నచ్చితే నాలుగో రోజు మాట్లాడుకుందాం.”